గుడ్డులో ఆగిన నాళం మందుకు సాక్ష్యం కాదు

రెండు ఫొటోలు పక్కపక్కన ఉంటాయి. ఎడమవైపు ఫొటోలో ఎర్రటి రక్తనాళాలు కొమ్మలు, రెమ్మలుగా అల్లుకుని ఉంటాయి. కుడివైపు ఫొటోలో నడిమధ్య పాలిపోయిన ఖాళీ. కింద వివరణ: పొదిగిన కోడిగుడ్డులో మా నానోరేణువులు వేశాం, రక్తనాళాల పెరుగుదల ఆగింది, కనుక ఇవి క్యాన్సర్‌ను అరికట్టే మందు కాగలవు. ఇంకో పరిశోధన పత్రంలో ఇలాంటి ఫొటోలే తారుమారై కనిపిస్తాయి. అక్కడ రేణువులు వేసిన గుడ్డులోనే నాళాలు దట్టంగా ఉంటాయి. కనుక అవి మధుమేహుల పుండ్లు మాన్పుతాయని రాస్తారు. మర్నాడు దినపత్రికలో శీర్షిక వస్తుంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో చివరి అధ్యాయం ముగుస్తుంది.

ఈ తర్కం మన ప్రయోగశాలల్లో, పరిశోధన పత్రికల్లో, సైన్సు వార్తల్లో ఇవాళ దాదాపు ఎదురులేకుండా చెలామణీ అవుతోంది. గుడ్డులో నాళం ఆగితే క్యాన్సర్ ఆగుతుందట, గుడ్డులో నాళం పెరిగితే గాయం మానుతుందట. పైగా ఈ పరీక్ష చవక, సులువు, ఎలుకలను చంపక్కర్లేదు కాబట్టి దీని మీద పెద్ద ఆంక్షలు అవసరం లేదన్న నమ్మకం కూడా దీనికి తోడైంది. ఈ రెండూ తప్పే. గుడ్డు చెప్పేది ఒక్కటే: ఎదుగుతున్న ఒక రక్తనాళాల వల మీద ఈ పదార్థం ఏదో మార్పు తెచ్చింది. ఆ మార్పు చికిత్సా, విషమా, వాపా అన్నది గుడ్డు తనంతట తాను చెప్పదు. పరిశోధకుడే పనిగట్టుకుని అడగాలి. అడగకుండానే చికిత్స అని రాసేస్తే, రోగుల ఆశలతో ఆడుకున్నట్టే అవుతుంది.

గుడ్డుతో పేచీ లేదు

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ పరీక్ష పనికిమాలినదని నేను అనడం లేదు. కోడిపిండం జీవశాస్త్రానికి దొరికిన గొప్ప సాధనాల్లో ఒకటి. కోడిగుడ్డు పొదుగుకాలం 21 రోజులు. మూడో రోజు నుంచి పిండం వెనుక భాగంలో అల్లాంటాయిస్ అనే తిత్తి ఉబకడం మొదలవుతుంది. అది పెరిగి, బయట ఉన్న కోరియాన్ అనే పొరను తాకి, దానితో కలిసిపోతుంది. అలా ఏర్పడినదే కోరియోఅల్లాంటాయిక్ పొర. పరిశోధకులు పొట్టిగా క్యామ్ అంటారు. పన్నెండో రోజుకల్లా అది పెంకు లోపలి వైపంతా పరుచుకుంటుంది. ఇంకా పుట్టని పిల్లకు అదే ఊపిరితిత్తి. పెంకులోని సన్నని రంధ్రాల గుండా వచ్చే ఆక్సిజన్‌ను అందుకుని, బొగ్గుపులుసు వాయువును బయటికి పంపుతుంది. పెంకులోని కాల్షియాన్ని కరిగించి పిల్ల ఎముకలకు చేరవేస్తుంది. ఇన్ని పనులు చేయాలి కాబట్టే దాని నిండా నాళాలు. అవి కోత లేకుండానే కంటికి కనిపిస్తాయి.

పరీక్ష పద్ధతి కూడా వినడానికి తేలికే. మూడో రోజున సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన లాగేస్తారు. పొర పెంకును వదిలి కిందికి దిగుతుంది. పైన చిన్న కిటికీ కోసి టేపు అంటించి, మళ్లీ 37.5 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో ఉంచుతారు. ఏడో రోజో ఎనిమిదో రోజో వడపోత కాగితం బిళ్ల మీదో, జెలటిన్ స్పాంజి ముక్క మీదో రేణువుల ద్రావణం చుక్కలు వేసి పొర మీద పెడతారు. రెండు మూడు రోజుల తర్వాత ఫొటో తీసి నాళాలను, వాటి కొమ్మలను లెక్కపెడతారు.

ఈ పొరకు వందేళ్లకు మించిన చరిత్ర ఉంది. 1911లోనే పేటన్ రౌస్, జేమ్స్ మర్ఫీ కోడి కణితిని పిండం పొరల మీద పెంచి చూపించారు. 1931లో ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్, ఆలిస్ వుడ్రఫ్ కోళ్ల మశూచి వైరస్‌ను ఈ పొర మీదే పెంచారు. ఆ దారిలోనే గుడ్లలో టీకాలు తయారుచేసే యుగం మొదలైంది. ఎల్లో ఫీవర్ టీకా గుడ్లలోనే తయారైంది, ఫ్లూ టీకాల్లో చాలా భాగం ఇప్పటికీ గుడ్లలోనే తయారవుతోంది. 1971లో జుడా ఫోక్‌మన్, కణితులు కొత్త రక్తనాళాలను రప్పించుకుంటేనే పెరుగుతాయని, ఆ నాళాలను ఆపితే కణితిని ఆపవచ్చని ప్రతిపాదించాడు. ఆ ఆలోచనకు ప్రాణం పోసిన పరీక్షల్లో కోడిగుడ్డు పొర ముఖ్యమైనది. ఇంత గౌరవం ఉన్న సాధనం కాబట్టే, దాని చేత చెప్పించకూడని మాటలు చెప్పిస్తే ఊరుకోకూడదు.

నాళం ఆగింది సరే, ఎందుకు ఆగింది?

ఈ ప్రశ్నకు జవాబు అదే పొర మీద జరిగే ఇంకో పరీక్షలో ఉంది. 1985లో జర్మనీలో ఎన్.పి. లూప్కే ఒక పద్ధతి ప్రవేశపెట్టాడు. షాంపూలు, సౌందర్య సాధనాలు, రసాయనాలు కంట్లో పడితే మంట పుట్టిస్తాయా అని తెలుసుకోవడానికి కుందేళ్ల కళ్లను బలిపెట్టకుండా కోడిగుడ్డు పొరను వాడటమే ఆ పద్ధతి. తొమ్మిదో రోజు గుడ్డు తెరిచి, పొర మీద పదార్థం వేసి, 300 సెకన్ల పాటు గమనిస్తారు. రక్తం చిమ్మిందా, నాళాలు కరిగి మాయమయ్యాయా, రక్తం గడ్డకట్టిందా అన్న మూడు గుర్తులు చూస్తారు. అవి ఎంత త్వరగా కనిపిస్తే ఆ పదార్థం అంత ప్రమాదకరం. కాస్టిక్ సోడా లాంటి ఘాటైన ద్రావణం వేసినా నాళాలు మాయమవుతాయి.

ఇప్పుడు ఈ రెండు పరీక్షలను పక్కపక్కన పెట్టి చూడండి. పొర ఒకటే, గుడ్డు ఒకటే, కనిపించే ఫలితమూ ఒకటే: నాళాలు లేని పాలిపోయిన మచ్చ. సౌందర్య సాధనాల పరిశీలకుడు దాన్ని చూసి ఇది హానికరమని సంతకం పెడతాడు. నానోరేణువుల పరిశోధకుడు దాన్నే చూసి ఇది క్యాన్సర్ మందని రాస్తాడు. పాలిపోయిన మచ్చ ఒక్కటే ఆధారమైతే ఈ ఇద్దరిలో మొదటివాడి మాటకే ఎక్కువ బలం ఉంటుంది. ఎందుకంటే నాళాలను నాశనం చేసే పదార్థాలు ప్రపంచంలో లెక్కలేనన్ని ఉన్నాయి, నాళాల పెరుగుదలను మాత్రమే ఎంచి ఆపేవి చాలా తక్కువ.

కలుపు మందు కొట్టిన మడిలో కలుపుతో పాటు వరి కూడా మాడిపోతే, కలుపు చచ్చిందని మురిసే రైతు ఎక్కడా ఉండడు. వరి నిలబడిందా లేదా అన్నదే అతడు ముందు చూస్తాడు. గుడ్డు విషయంలో అడగాల్సింది కూడా అదే. పిండం బతికి ఉందా? గుండె మామూలుగా కొట్టుకుంటోందా? పిండం బరువు, పోలిక కోసం పెట్టిన కంట్రోల్ గుడ్లలోని పిండాలతో సమానంగా ఉందా? పొరలోని మిగతా కణాలు క్షేమమేనా? అంతకుముందే ఏర్పడిన పెద్ద నాళాలు చెక్కుచెదరకుండా ఉండి, కొత్త మొలకలు మాత్రమే ఆగాయా? వీటన్నిటికీ జవాబు ఉంటేనే నాళాల పెరుగుదల ఆగిందని చెప్పే హక్కు వస్తుంది. లేదంటే రాయాల్సిన మాట విషప్రభావం అన్నదే. ఆ మాట రాయడంలో అవమానమేమీ లేదు. ఏ మోతాదు దాటితే ఒక నానోరేణువు హాని చేస్తుందో తెలియడం సమాజానికి ఎంతో ఉపయోగం.

నాళం పెరిగింది సరే, ఎందుకు పెరిగింది?

రెండో శిబిరం వాదన ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది మంచి వార్తలా వినిపిస్తుంది. నాళాలు పెరిగాయంటే గాయాలు మానతాయని వారు అంటారు. కానీ క్యామ్ పొర మీద నాళాలు పెరగడానికి మందే అక్కర్లేదు. కిటికీ కోసేటప్పుడు రాలిన పెంకు పొడి పొర మీద పడితే చాలు, అక్కడ వాపు పుట్టి నాళాలు చేరతాయి. ద్రావణంలో ఉప్పు శాతం తేడా అయినా, ఆమ్లత్వం మారినా, బిళ్ల పెట్టిన చోట పొర ఎండినా అదే జరగవచ్చు. ఇవన్నీ ఈ పరీక్ష చేసేవారికి దశాబ్దాలుగా తెలిసిన చిక్కులు. తెలిసీ పట్టించుకోకపోవడమే ఇవాళ్టి జబ్బు.

నానోరేణువులకు ఇంకో చిక్కు కూడా ఉంది. బాక్టీరియా గోడల నుంచి వచ్చే ఎండోటాక్సిన్ గాజుసామాను మీద, నీటిలో, రసాయనాల్లో అతి సూక్ష్మంగా ఉంటుంది. వైశాల్యం ఎక్కువగా ఉండే నానోరేణువుల ఉపరితలానికి అది సులువుగా అంటుకుంటుంది. దాన్ని పసిగట్టే మామూలు పరీక్షలను కొన్ని నానోరేణువులు తప్పుదారి పట్టిస్తాయి కూడా. ఎండోటాక్సిన్ వాపును రేపుతుంది, వాపు నాళాలను పిలుస్తుంది. అలాంటప్పుడు పరిశోధకుడు చూసింది రేణువు శక్తినా, మురికి శక్తినా? ఎండోటాక్సిన్ కొలవకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు.

ఒకవేళ నాళాలు నిజంగా రేణువు వల్లే పెరిగాయనుకుందాం. అయినా అది మందు అనడానికి చాలా దూరం ఉంది. నాళాలను పెంచే సంకేతాల్లో అతి ముఖ్యమైన ప్రోటీన్ వీఈజీఎఫ్. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి గుండెనొప్పితో బాధపడే 178 మంది మీద జరిపిన వివా అనే పరీక్ష ఫలితాలు 2003లో వచ్చాయి. 60 రోజుల తర్వాత ట్రెడ్‌మిల్ మీద చూస్తే, ఉత్తుత్తి మందు తీసుకున్నవారి కంటే వీఈజీఎఫ్ తీసుకున్నవారు మెరుగ్గా లేరు. దాని శక్తి మీద ఎవరికీ అనుమానం లేదు. జంతువుల్లో మంచి ఫలితాలే ఇచ్చింది. అయినా మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆశించిన మేలు చేయలేదు.

మధుమేహి పుండు సంగతి మరీ జాగ్రత్తగా ఆలోచించాలి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మధుమేహం వల్ల కాలిపుండుతో బాధపడే కుటుంబం లేని ఊరు అరుదు. ఆ రోగి కాలికి కొత్త నాళాలు కావాలి, నిజమే. కానీ అదే రోగి కంటిలో రెటీనా మీద అక్కర్లేని నాళాలు పెరిగి, చిట్లి, చూపు పోగొడతాయి. వాటిని ఆపడానికి కంటి డాక్టర్లు వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఇంజక్షన్లు కంట్లోకే ఇస్తున్నారు. ఒకే మనిషికి కాలిలో పెరగాలి, కంటిలో ఆగాలి. కాలికి వేసిన రేణువు రక్తంలో కలిసి కంటికి చేరదని గుడ్డు చెప్పగలదా? చెప్పలేదు. అలాంటప్పుడు మధుమేహులకు వరం అని శీర్షిక పెట్టడానికి ఆధారం ఏది?

వెండి అంటే ఏ వెండి? బంగారం అంటే ఏ బంగారం?

వెండి నానోరేణువులు రక్తనాళాలను ఆపుతాయి అన్న వాక్యం చాలాచోట్ల కనిపిస్తుంది. 2009లో తమిళనాడు పరిశోధకుల బృందం అలాగే తేల్చింది. 2011లో కొరియా బృందం పీవీపీ అనే పాలిమర్ పూత పూసిన వెండి రేణువులు నాళాలను పెంచాయని ప్రకటించింది. ఒకరు తప్పు, ఒకరు ఒప్పు కానక్కర్లేదు. అవి రెండూ వెండే అయినా ఒకే పదార్థం కావు. పరిమాణం వేరు, పూత వేరు, తయారీలో మిగిలిన రసాయనాలు వేరు, నీటిలో కరిగి విడుదలయ్యే వెండి అయాన్ల మొత్తం వేరు. జింక్ ఆక్సైడ్ కూడా కరిగి జింక్ అయాన్లను వదులుతుంది. గుడ్డు మీద పనిచేసింది రేణువా, అయానా తెలియాలంటే అదే మొత్తంలో అయాన్లను విడిగా వేసిన కంట్రోల్ గుడ్లు ఉండాలి. బంగారు నానోకడ్డీల తయారీలో వాడే సీటీఏబీ అనే రసాయనం కణాలకు విషం. దాన్ని పూర్తిగా కడగని బంగారాన్ని గుడ్డులో వేస్తే, అపరాధి బంగారం కాదు, సీటీఏబీ.

మన దేశంలో ఈ చిక్కు రెట్టింపైంది. వేప, తులసి, మునగ లాంటి ఆకుల కషాయంతో వెండి నైట్రేట్‌ను చర్య జరిపించి నానోరేణువులు తయారుచేసే పద్ధతి కాలేజీ కాలేజీకీ పాకింది. ఖర్చు తక్కువ, పర్యావరణానికి మేలు, వినసొంపుగా ఉంటుంది. కానీ ఆ రేణువుల మీద ఆకులోని పాలీఫినాల్స్ పొరలాగా అంటుకుని ఉంటాయి. మొక్కల పాలీఫినాల్స్‌లో చాలావాటికి రక్తనాళాల పెరుగుదలను మార్చే గుణం తమంతట తమకే ఉంది. అందువల్ల కషాయం ఒక్కటే వేసిన గుడ్లు, వెండి నైట్రేట్ ఒక్కటే వేసిన గుడ్లు, రేణువులు వేసిన గుడ్లు, వట్టి సెలైన్ వేసిన గుడ్లు, ఈ నాలుగూ లేని పరిశోధన అసంపూర్ణం. ఆకు ఎంత పవిత్రమైనదైనా ఈ లోటును పూడ్చదు.

సరిగ్గా ప్రశ్నిస్తే ఎలా ఉంటుందో చూపించే ఉదాహరణ కూడా ఉంది. 2005లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ప్రియబ్రత ముఖర్జీ, రేషమ్ భట్టాచార్య బృందం బంగారు నానోరేణువులు నాళాల పెరుగుదలను అడ్డుకుంటాయని చూపింది. వారు అక్కడితో ఆగలేదు. వీఈజీఎఫ్‌లో రకాలున్నాయి. వీఈజీఎఫ్ 165కు హెపారిన్‌ను పట్టుకునే భాగం ఉంటుంది, వీఈజీఎఫ్ 121కు ఉండదు. బంగారం మొదటిదాన్ని అడ్డుకుంది, రెండోదాన్ని అడ్డుకోలేదు. ఒక్క పోలికతో రెండు విషయాలు తేలాయి: బంగారం కణాలను గుడ్డిగా చంపడం లేదు, ఫలానా ప్రోటీన్‌లోని ఫలానా భాగాన్ని పట్టుకుంటోంది. విషానికీ చికిత్సకూ తేడా ఇలా తేలాలి. హైదరాబాద్ తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో చిత్తరంజన్ పాత్రా బృందం జింక్ ఆక్సైడ్ నానోపుష్పాలు, గ్రాఫీన్ ఆక్సైడ్ లాంటివాటి మీద చేసిన కృషిలోనూ గుడ్డుతో పాటు మనిషి రక్తనాళాల కణాల మీద పరీక్షలు, లోపల జరిగే రసాయన మార్గాల అన్వేషణ కనిపిస్తాయి. ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు ఇందులో పాత్ర వహిస్తాయని ఆ బృందం ప్రతిపాదించింది. అలాంటి అణువులు కొద్దిగా ఉంటే కణాలను ప్రేరేపిస్తాయి, ఎక్కువైతే చంపుతాయి. అంటే మోతాదు చెప్పని ఫలితానికి అర్థమే లేదు. పేరున్న పెద్ద సంస్థలు ఇంత శ్రమ పడుతుంటే, దాని నుంచి ఫొటోలను మాత్రమే నేర్చుకుని మిగతాది వదిలేయడం అనుకరణ కూడా అనిపించుకోదు.

పెంకు దాటితే లోకం వేరు

గుడ్డులో రేణువులను నేరుగా నాళాల మీద పెడతాం. మనిషికి ఆ సౌకర్యం లేదు. సిరలోకి ఎక్కించిన రేణువు రక్తంలో అడుగుపెట్టిన క్షణాల్లోనే దాన్ని ప్రోటీన్లు కప్పేస్తాయి. ఆ ప్రోటీన్ తొడుగును శాస్త్రజ్ఞులు 2007 నుంచి కరోనా అని పిలుస్తున్నారు. శరీరం చూసేది ఆ తొడుగునే తప్ప మనం తయారుచేసిన ఉపరితలాన్ని కాదు. తర్వాత కాలేయంలో, ప్లీహంలో కాపలా ఉండే కణాలు రేణువుల్లో ఎక్కువ భాగాన్ని మింగేస్తాయి. టొరంటో విశ్వవిద్యాలయంలోని వారెన్ చాన్ బృందం అంతకుముందు పదేళ్ల పరిశోధనలను క్రోడీకరించి 2016లో ఒక లెక్క చెప్పింది: జంతువులకు ఎక్కించిన నానోరేణువుల్లో కణితిని చేరేది మధ్యస్థంగా 0.7 శాతం. మిగతా 99 శాతానికి పైగా వేరే చోట్లకు పోతోంది. బిళ్ల మీద చుక్కలు వేసి చూసే పరీక్ష ఈ ప్రయాణాన్ని అసలు తాకదు.

కోడిపిండానికి ఆ దశలో రోగనిరోధక వ్యవస్థ పూర్తిగా సిద్ధం కాదు. మనుషుల కణితిని తెచ్చి పెట్టినా పొర తిరస్కరించదు. అది ఈ పరీక్షకు బలం, ఇక్కడే బలహీనత కూడా. పెద్ద శరీరంలో రేణువు భవితవ్యాన్ని నిర్ణయించే పోరాటం గుడ్డులో జరగనే జరగదు. పైగా ఈ పొరలో నాళాలు పెరిగే తీరు రోజురోజుకూ మారుతుంది. మొదట పాత నాళం నుంచి కొత్త మొలకలు వస్తాయి. ఎనిమిదో రోజు ప్రాంతం నుంచి నాళం లోపలే గోడ లేచి రెండుగా చీలే పద్ధతి ప్రధానమవుతుంది. ఆ తర్వాత పెరుగుదల నెమ్మదిస్తుంది. ఆరో రోజున రేణువు వేసినవాళ్లు, పదో రోజున వేసినవాళ్లు ఒకే ప్రశ్న అడిగినట్టు కాదు. రోజు చెప్పకుండా, నాళాలు తగ్గాయని మాత్రం చెప్పే పత్రాల్ని ఎలా పోల్చగలం?

జాతికీ జాతికీ మధ్య ఉన్న అగాధం ఎంత భయంకరమో థాలిడోమైడ్ నేర్పింది. ఆ మందు వల్ల వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. ఎలుకల్లో ఆ లోపాలు కనిపించలేదు, కుందేళ్లలో కనిపించాయి. సాటి క్షీరదాల మధ్యే ఇంత తేడా ఉంటే, పక్షి పిండం నుంచి మనిషి దాకా ఒక్క గెంతులో ఎలా దూకగలం?

ఆశను అమ్మితే ఏమవుతుందో కూడా ఈ రంగం ఒకసారి చూసింది. 1998 మే నెలలో న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఫోక్‌మన్ ప్రయోగశాలలో కనిపెట్టిన ఎండోస్టాటిన్ గురించి వార్త వచ్చింది. అది ఎలుకల్లో కణితులను కుదించింది. మర్నాడు ఆ మందు హక్కులున్న కంపెనీ షేరు ఆకాశానికి లేచింది. క్యాన్సర్ ఆసుపత్రులకు ఆ మందు కావాలంటూ రోగుల ఫోన్లు వెల్లువెత్తాయి. ఇవి ఎలుకల ఫలితాలేనని ఫోక్‌మనే స్వయంగా హెచ్చరించాల్సి వచ్చింది. తర్వాత అమెరికాలో మనుషుల మీద జరిపిన పరీక్షలు ఆ అంచనాల దరిదాపులకు కూడా రాలేదు. ఇక నిజంగా నెగ్గిన మందు సంగతి: వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్‌కు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. ముదిరిన పెద్దపేగు క్యాన్సర్ రోగుల మధ్యస్థ ఆయుష్షును అది 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెంచింది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చిన అనుమతిని 2011లో వెనక్కి తీసుకున్నారు. ముప్పై ఏళ్ల కృషి తర్వాత, లక్ష్యం స్పష్టంగా తెలిసిన మందు సాధించింది ఇది. రోగికి ఆ నాలుగైదు నెలలు అమూల్యం. కానీ గుడ్డులో ఒక మచ్చ చూసి క్యాన్సర్‌కు కళ్లెం అని రాసేవారికి ఈ చరిత్ర తెలిసి ఉండాలి.

ఈ ధోరణిని సమర్థించేవారి వాదనలకు జవాబు

ఇది తొలి వడపోత మాత్రమే, ఇంత కఠినత్వం దేనికి అని అంటారు. వడపోతలో జల్లెడ కళ్లు సరిగా లేకపోతే తాలు మిగిలి గింజ జారిపోతుంది. తొలి దశలో తప్పుగా నెగ్గిన రేణువు వెంట తర్వాత ఎలుకలూ, డబ్బూ, యువ పరిశోధకుల ఏళ్లూ ఖర్చవుతాయి. తొలి దశ కాబట్టి తొలి దశ మాటలే రాయాలి. తొలి దశ ప్రయోగం చేసి చివరి దశ ముగింపు రాయడమే నేను ఖండిస్తున్నది.

చిన్న కాలేజీలకు వసతులు ఉండవు, ఇంత అడిగితే వాళ్లు పరిశోధనే మానేస్తారని ఇంకో వాదన. ఇది చిన్న కాలేజీల పిల్లల్ని తక్కువ చేసి మాట్లాడటమే. గుడ్లు మనకు కొరత కాదు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, తెలంగాణదీ ముందు వరసే. పొదిగే గుడ్లు హేచరీలో దొరుకుతాయి. ఫొటోలను ఏ గుడ్డువో తెలియకుండా ఇంకొకరి చేత లెక్కపెట్టించడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. కషాయం ఒక్కటే వేసిన కంట్రోల్ గుడ్లు పెట్టడానికి కొద్ది రూపాయలే ఖర్చు. చచ్చిపోయిన పిండాల సంఖ్య రాయడానికి కలం చాలు. ఒక్కో గుడ్డులో ఇరవై చోట్ల కొలిచి, పది గుడ్లను రెండు వందల ప్రయోగాలుగా చూపించకుండా ఉండటానికి నిజాయితీ చాలు. లెక్కకు వచ్చేది గుడ్డే కానీ, గుడ్డులోని కొమ్మ కాదు.

మూడో వాదన నైతికత. ఎలుకలను కాపాడే పరీక్షను ఎందుకు తప్పుబడతారని అడుగుతారు. ఎలుకలను కాపాడాలన్న ఆశయం నాదీ. జంతు ప్రయోగాలపై యూరప్ 2010 నాటి ఆదేశం పరిధిలోకి పక్షి పిండాలు రావు. కోడిపిండం నొప్పిని గ్రహించగలిగేది పదమూడో రోజు నుంచే అయి ఉంటుందని మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2023లో వెల్లడించిన పరిశోధనలు సూచించాయి. కనుక పది, పన్నెండు రోజుల లోపు ముగిసే ప్రయోగం నైతికంగా మెరుగైన దారే. కానీ అనుమతి పత్రం అక్కర్లేదంటే క్రమశిక్షణ అక్కర్లేదని కాదు. పైగా కాలం మారుతోంది. 2022 డిసెంబరులో అమెరికా, 2023 మార్చిలో మన దేశం కొత్త మందుల పరిశీలనలో జంతువులు లేని పద్ధతులకు చట్టంలో, నిబంధనల్లో చోటు కల్పించాయి. జంతువుల మీద పరీక్షలు తగ్గేకొద్దీ కణాల మీద, చిప్‌ల మీద, పిండాల మీద చేసే పరీక్షల బరువు పెరుగుతుంది. ఇప్పుడు నిర్లక్ష్యంగా చేసి వీటి పరువు తీస్తే, రేపు ఎలుకలే దిక్కని వాదించేవారికి మనమే ఆయుధం ఇచ్చినవాళ్లమవుతాం. జంతువుల మీద నిజంగా దయ ఉన్నవారు గుడ్డు పరీక్ష మీద అందరికంటే కఠినంగా ఉండాలి.

ఇక ఏం చేయాలి

గైడ్లు తమ విద్యార్థి సినాప్సిస్ మీద సంతకం పెట్టే ముందు రేణువు పరిమాణం, పూత, అయాన్లు, ఎండోటాక్సిన్ లెక్కలు అడగాలి. వైవాకు వచ్చే పరీక్షకులు ఫొటోల కంటే ముందు చచ్చిపోయిన పిండాల పట్టిక చూపించమనాలి. పత్రికా సంపాదకులు పిండం బతికి ఉన్న ఆధారం లేని పత్రాన్ని వెనక్కి పంపాలి. సైన్సు విలేకరులు శీర్షికలో క్యాన్సర్, మధుమేహం అన్న మాటలు వాడే ముందు, ఇది గుడ్డులోనా, జంతువులోనా, మనిషిలోనా అన్న ఒక్క విషయాన్ని మొదటి వాక్యంలోనే రాయాలి. ఆ శీర్షిక చదివి కటింగ్ దాచుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లేది ఒక రోగి. అతని ముందు తలవంచుకునే పరిస్థితి మనకు రాకూడదు.

ఈ గుడ్డు పరీక్షతో గొప్ప వాక్యమే రాయవచ్చు, ఉదాహరణకు: ఫలానా పరిమాణంలో, ఫలానా పూతతో, ఫలానా మోతాదులో ఇచ్చిన ఈ రేణువు, పిండానికి హాని చేయకుండా, ఎనిమిదో రోజు నుంచి పదో రోజు దాకా కొత్త నాళాల పెరుగుదలను తగ్గించింది, దాని పూత గానీ దాని నుంచి కరిగిన అయాన్లు గానీ ఒంటరిగా ఆ పని చేయలేదు. ఇంత కచ్చితమైన వాక్యం రాయగలిగిన విద్యార్థి ఏ దేశంలోని ఏ ప్రయోగశాలలోనైనా తలెత్తుకుని నిలబడగలడు. ఆ వాక్యం తర్వాత క్యాన్సర్ మందు అన్న మాట చేర్చాల్సిన అవసరం లేదు. చేర్చకపోవడమే ఆ పరిశోధన నిజాయితీకి రుజువు.